"ఎక్కడున్నారు?"

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళా. నర్సీపట్నం నుంచి రోలుగుంటకి బావ బండి మీద వస్తుంటే టింగుమని మెసేజ్. ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో జవాబు! తలెత్తేసరికి ఎదురుగా గేదె. ఎలాగో తప్పించాడు.

లెక్క చూడండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో 3 సెకన్లు ఫోన్ చూస్తే బండి 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. 2019 చట్ట సవరణ ప్రకారం మొదటిసారికే 5000 దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు.

కానీ నా గొడవ వేరే. ఆ మెసేజ్ ఎవరిదనుకున్నారు? మా అక్కది. "ఎక్కడున్నారు?" అని. దారిలో ఉన్నామని తెలిసే అడిగింది. ప్రేమే, కాదనను. అయినా సగం తప్పు అడిగినవాళ్ళది కూడా కాదంటారా? నేనూ రోజూ చేసిన పనే మరి. ఇప్పుడు అవతలివాళ్ళు ఫోన్ ఎత్తగానే "బండి మీదున్నావా?" అంటున్నా. ఔనంటే పెట్టేస్తున్నా.