తుడవడం వేరు, విప్పడం వేరు

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ జట్టుతో బంగారు పతకం తెచ్చినప్పటి నుంచీ మా అక్క కూతురికి షూటింగే లోకం. హైదరాబాద్‌లో ఉండి నేర్చుకుంటోంది.

మొన్న పోటీ మధ్యలో దాని పిస్టల్ మొరాయించింది. రోజూ ప్రాక్టీసు కాగానే మొత్తం విప్పి తుడిచేదట. తిరిగి బిగించేటప్పుడు ఒక స్ప్రింగు సరిగ్గా కూర్చోలేదు. "శుభ్రంగా పెట్టుకోవడం కూడా తప్పేనా పిన్నమ్మా?" అని ఫోన్లో ఒకటే ఏడుపు.

తప్పు కాదు. కానీ మన కుట్టుమిషన్ సంగతి చూడండి. కుట్టాక దారం నూగు తీస్తాం, చుక్క నూనె వేస్తాం. రోజూ మిషనంతా విప్పుతామా? వాళ్ల కోచ్ చెప్పిందీ అదే. పాయింట్ 22 తూటా మెత్తటి సీసం, దాని మీద మైనం లాంటి జిడ్డు. మసి తొందరగా పడుతుంది. అందుకని ప్రాక్టీసు అయిన రోజు మ్యాగజైన్ తీసి, లోపల తూటా లేదని రెండుసార్లు చూసుకుని, తూటా కూర్చునే చోటు, ఖాళీ గుండును లాగే కొక్కెం తుడిస్తే చాలు. విప్పడం పిస్టల్‌తో వచ్చిన పుస్తకం చెప్పినంత వరకే. మొత్తం విప్పే పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. గొట్టంలో కడ్డీని అదేపనిగా ఆడిస్తే మూతి అంచు దెబ్బతిని గురి తప్పుతుంది.

రోజూ తప్పకుండా చేయాల్సింది ఇంకొకటుంది. తుడిచాక సబ్బుతో చేతులు కడగనిదే అన్నం ముట్టకూడదు. సీసం ఒంటికి మంచిది కాదు. ఆ గుడ్డను ఇంటి బట్టల్లో వేయకూడదు. పిల్లలకు పతకం గురించి చెప్పేముందు తల్లులం ఇది చెబుదాం.