పేరు రాసుకునే పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

2019 వేసవిలో మా తాడేపల్లి టీకొట్ల దగ్గర ఒకటే మాట. అంబటి రాయుడికి అన్యాయం జరిగింది! ఏప్రిల్ 15న ప్రపంచకప్పు క్రికెట్ జట్టును ప్రకటించారు. అందులో రాయుడి పేరు లేదు. ఆయన గుంటూరులో పుట్టినవాడు. జట్టును ఎంపిక చేసిన కమిటీ పెద్ద ఎమ్మెస్కే ప్రసాదూ గుంటూరు వాడే. దాంతో మనూళ్ళో రచ్చ రెండింతలైంది. మనోడిని మనోడే తీసేశాడని ఒకళ్ళు, ఇది మనోడి పని కాదు పైవాళ్ళ పని అని ఒకళ్ళు.

రాయుడి బదులు విజయ్ శంకర్‌ని తీసుకున్నారు. అతను బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడు కోణాల్లోనూ పనికొస్తాడని కమిటీ పెద్ద చెప్పాడు. మర్నాడే రాయుడు, ప్రపంచకప్పు చూడ్డానికి త్రీడీ కళ్ళజోడు కొనుక్కున్నానని ఎకసెక్కంగా రాశాడు. తర్వాత ఆ మూడు కోణాల ఆటగాడికి కాలికి దెబ్బ తగిలింది. అప్పుడైనా పిలుస్తారేమోనని చూస్తే, మయాంక్ అగర్వాల్‌ని పిలిచారు. జులై 3న రాయుడు ఆటకే దండం పెట్టేశాడు. వారం తిరక్కుండా మన జట్టు సెమీఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో 18 పరుగుల తేడాతో ఓడిపోయింది. రెండు నెలల్లోపే రాయుడు మనసు మార్చుకుని మళ్ళీ ఆటకొచ్చాడనుకోండి, అది వేరే సంగతి.

మేం కూడా రాయుడి పక్షమే. 55 వన్డేల్లో 47 సగటు ఉన్నవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టడం మాకూ నచ్చలేదు. కానీ ఆ టీకొట్ల దగ్గర మేం విన్న మాటలు మా బుర్రలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఏమన్నారు వాళ్ళు? సెలెక్షన్ అంటే ప్రతిభ ఒక్కటే కాదండీ, లాబీ ఉండాల, కెప్టెన్‌కి నచ్చాల, బొంబాయి వాడై ఉండాల, ఢిల్లీ వాడై ఉండాల, మన తెలుగోడికి వెనక ఎవరున్నారు అన్నారు. చదువుకున్నోళ్ళు, భూములున్నోళ్ళు, ఉద్యోగాలున్నోళ్ళు అన్నారు ఈ మాట. బాగుంది. మరి ఇదే పెద్దమనుషుల దగ్గర రిజర్వేషన్ అనే మాట ఎత్తి చూడండి. ముఖాలు మాడిపోతాయి. 'ఆటల్లో కూడా కులమేంటయ్యా, అక్కడ ప్రతిభ ఒక్కటే గీటురాయి' అంటారు. తమ కుర్రాడు ఆగిపోతే సెలెక్షన్ కుళ్ళిపోయింది. మన కుర్రాడు అసలు మైదానం దాకా రాలేకపోతే మాత్రం అది ప్రతిభ లేకపోవడం. ఇదెక్కడి లెక్క?

2024 ఫిబ్రవరిలో ఇంకో గొడవ బయటికొచ్చింది. ఆంధ్రా రంజీ జట్టుకు కెప్టెన్‌గా చేసిన హనుమ విహారి, 16 టెస్టులు ఆడినవాడు, తాను ఒక ఆటగాడి మీద కేకలేశానని, అతని తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో తన కెప్టెన్సీ పోయిందని ఆరోపించాడు. క్రికెట్ సంఘం కాదంది. ఎవరి మాట నిజమో తేల్చడానికి మేం ఎవరం? మాకు పట్టిన సంగతి ఒక్కటే. టెస్టులాడిన కెప్టెన్‌కే వెనకెవరున్నారన్న ప్రశ్న వస్తుంటే, మిరపకళ్ళంలో కాయలు ఏరే తల్లి కొడుకు వెనక ఎవరుంటారు?

ఈ కథ కొత్తది కాదు. పల్వంకర్ బాలూ కథ మన పిల్లలకు మేం చెబుతాం. ధార్వాడలో పుట్టిన చమార్ కులస్తుడు. పూనాలో దొరల క్లబ్బులో నెలకు నాలుగు రూపాయల జీతానికి పిచ్ ఊడ్చి, రోలరు లాగి, నెట్ కట్టేవాడు. దొరలు బ్యాటింగు ప్రాక్టీసు చేసుకోవడానికి వాళ్ళకు బంతులేశాడు. అలా వేసీ వేసీ దేశంలోకెల్లా గొప్ప ఎడమచేతి స్పిన్నరు అయ్యాడు. దొరల్ని ఓడించాలంటే ఇతను లేకపోతే కుదరదని పూనా హిందువుల క్లబ్బుకు అర్థమైంది. తీసుకున్నారు. మైదానంలో బాలూ ముట్టిన బంతిని బ్రాహ్మణ ఆటగాళ్ళూ ముట్టారు. ఆట ఆగి టీ వేళ అయితే మాత్రం వాళ్ళు లోపల పింగాణీ కప్పుల్లో తాగారు, అతనికి బయట మట్టి ముంతలో పోశారు. 1911లో ఇంగ్లండు వెళ్ళిన జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. అంతటివాడికి హిందూ జట్టు కెప్టెన్సీ ఇచ్చారా? ఏళ్ళ తరబడి అడిగినా ఇవ్వలేదు. 1920లో అతన్ని పక్కన పెట్టి, తమ్ముడు విఠల్‌కు రావాల్సిన కెప్టెన్సీ కూడా ఇంకొకరికి కట్టబెడితే, విఠల్, శివరామ్ ఇద్దరు తమ్ముళ్ళూ మేం ఆడం పొమ్మన్నారు. పత్రికల్లో చర్చ జరిగింది, జనం నిలదీశారు. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు. ఆ బాలూయే 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ తరఫున బాబాసాహెబ్ మీద నిలబడి ఓడిపోయాడు. ఆ తగువు ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇక్కడ గమనించాల్సింది, అన్నదమ్ములు ఆట మానేస్తామన్న తర్వాతే తలుపు తెరుచుకుంది.

వందేళ్ళు గడిచాయి గదా, మారలేదా అంటారు కొందరు. వందనా కటారియా ఇంటికెళ్ళి అడగండి. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టిన పిల్ల. ఒలింపిక్స్ హాకీలో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత మహిళ ఆమే. శిక్షణా శిబిరంలో ఉండగా తండ్రి పోతే ఆఖరి చూపుకు కూడా వెళ్ళలేకపోయింది. ఆగస్టు 4న సెమీఫైనల్లో మన ఆడపిల్లలు అర్జెంటీనా చేతిలో ఓడారు. ఆ సాయంత్రం హరిద్వార్ జిల్లా రోష్నాబాద్‌లో, ఆమె ఇంటి ముందుకొచ్చి అగ్రకుల యువకులు టపాకాయలు కాల్చి గెంతులేశారు. జట్టులో దళితులు ఎక్కువైపోయారు కాబట్టే ఓడింది అని తిట్టారు. దేశం ఓడిపోయిందన్న బాధ లేదు వాళ్ళకు, మన పిల్ల ఓడిందన్న సంబరం తప్ప! కుటుంబం ఫిర్యాదు చేస్తే పోలీసులు అరెస్టులు చేశారు. రెండు రోజులకు, ఆగస్టు 6న, కంచు పతకం మ్యాచ్‌లో వందన మళ్ళీ మైదానంలోకి దిగి బ్రిటన్ మీద గోల్ కొట్టింది. జట్టు 4-3తో ఓడి నాలుగో స్థానంలో నిలిచింది.

ఆగస్టు 6. మన గుంటూరు జిల్లావాళ్ళకు ఆ తేదీ చెప్పనక్కర్లేదు. 1991లో అదే రోజు చుండూరులో మనవాళ్ళని ఎనిమిది మందిని నరికి కాలవల్లో పడేశారు. సినిమాహాల్లో కాలు తగిలిందన్న కాడ మొదలైంది ఆ గొడవ. సరిగ్గా ముప్పై ఏళ్ళకు అదే తేదీన వందన హాకీ కర్ర పట్టుకుని నిలబడింది.

ఇంతకీ జట్టులో చోటు ఎక్కడ ఖరారవుతుంది? బొంబాయిలో ఏసీ గదిలో అనుకుంటే పొరపాటు. అక్కడికి చేరేది ఆఖరి జాబితా. మొదటి జాబితా మన హైస్కూలు గ్రౌండులో, డ్రిల్లు మాస్టారి నోటుబుక్కులో తయారవుతుంది. ఆ పుస్తకంలోకి ఎక్కని పేరు ఇక ఏ పుస్తకంలోకీ ఎక్కదు. మేం చదువుకునే రోజుల్లో మా బడి జట్టు పెద్దూరి పిల్లలది. పల్లె నుంచి వెళ్ళిన మేం గీతల అవతల నిలబడి, ముళ్ళ కంచెలో పడ్డ బంతులు తెచ్చిచ్చేవాళ్ళం. అయినా మాకు అదేదో గౌరవంగా ఉండేది! మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. ఆ డిగ్రీ కోసం పరిగెత్తామే గాని, ఆట కోసం పరిగెత్తొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు మేం గీతకు ఇవతల, మాస్టారి స్థానంలో ఉన్నాం. కొన్నేళ్ళ కిందట మేం పాఠం చెప్పిన బడిలో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. చెప్పుల్లేకుండా పరిగెత్తినా మగపిల్లలు అందుకోలేకపోయేవాళ్ళు. అండర్-17 ఎంపికల రోజు ఆ పిల్ల రాలేదు. పత్తితీత రోజులవి. తల్లితోపాటు తెల్లారుగట్టే ట్రాక్టరెక్కి వెళ్ళిపోయింది. కేజీకి ఇంతని కూలి, ఇద్దరు తీస్తేనే ఆ పూట గడిచేది. ఎంపిక కాగితంలో ఆమె పేరుకు ఎదురుగా 'ఆసక్తి లేదు' అని రాసి ఉంది. ఆ రెండు ముక్కలు చూసి మాకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం? ఎంపికల తేదీ మాకు ముందే తెలుసు. ముందురోజు రాత్రి పల్లెకు పోయి ఆ తల్లితో ఒక్క మాట మాట్లాడి ఉంటే సరిపోయేది. వెళ్ళలేదు. ఈ తప్పులో మా వాటా మాకుంది.

గ్రౌండు సంగతి కూడా చెప్పుకోవాల. మంచు మీద ఆడే హాకీ అని ఒకటుంది. భారత జట్టులో ఎక్కువమంది లడఖ్ వాళ్ళే. 2025లో మన ఆడపిల్లలు ఆసియా కప్పులో కంచు పతకం కూడా తెచ్చారు. లడఖ్ వాళ్ళకే ఎందుకొచ్చింది ఆ ఆట? చలికాలం చెరువులు గడ్డకడతాయి కాబట్టి. మైదానం వాళ్ళ గడప ముందే ఉంది. మామూలు హాకీ కథ తిరగేసి చూడండి. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు మన జట్టు కెప్టెన్ ఆదివాసీ జైపాల్ సింగ్ ముండా. మట్టి మీద ఆడినంత కాలం ఊరూరా హాకీ బతికింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి కృత్రిమ పచ్చిక వచ్చింది, దాన్ని పరచడానికి కోట్లు కావాలి. ఆ ఏడాది మనకు ఏడో స్థానం. మట్టిలో నేర్చుకున్న పేదపిల్లకు ఆ పచ్చిక మొదట కనిపించేదే ఎంపికల రోజున! అయినా జార్ఖండ్ ఆదివాసీ పిల్లలు వెదురుకర్రలతో నేర్చుకుని జట్టులోకి వస్తున్నారంటే అది వాళ్ళ దమ్ము. మా వాడల్లో గ్రౌండేదీ? శ్మశానానికే జాగా లేక ధర్నాలు చేస్తున్నాం.

ఆటేగా, పోతే పోనీ అనుకునే అన్నలు మనలోనూ ఉన్నారు. 'కూటికి లేనోడికి ఆటలెందుకు మాస్టారూ' అని మా కార్యకర్తే ఒకాయన అన్నాడు. అయ్యా, ఆట ఇప్పుడు కూడే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. 2025 డీఎస్సీలో 421 టీచరు పోస్టులు ఈ కోటాలో పెట్టారు. రాత పరీక్ష లేదు, సర్టిఫికెట్లే మార్కులు. ఆ సర్టిఫికెట్ ఎక్కడినుంచి మొదలవుతుంది? అదే డ్రిల్లు మాస్టారి పుస్తకం నుంచి. చిన్నప్పుడు 'ఆసక్తి లేదు' అని రాయించుకున్న పిల్లకు ఇరవై అయిదేళ్ళప్పుడు ఉద్యోగం లేదు. అంతే తేడా.

మన పిల్లలకు చేవలేదన్నవాళ్ళకు 2014 మే 25 గుర్తుచెయ్యండి. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఇద్దరు, పద్నాలుగేళ్ళయినా నిండని గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి ఆనంద్ కుమార్, ఎవరెస్టు ఎక్కారు. భువనగిరి బండల మీద మొదలుపెట్టించి, డార్జిలింగ్, లడఖ్ తీసుకెళ్ళి తర్ఫీదు ఇచ్చారు. అంటే ఎవరో ఒకరు మన హాస్టళ్ళకొచ్చి పేర్లు రాసుకున్నారు. రాసుకుంటే ఎక్కారు.

ఇక జట్టులో రిజర్వేషన్ మాట. 2017లో కేంద్రమంత్రి రాందాస్ అథావలే క్రికెట్ జట్టులో ఎస్సీ, ఎస్టీలకు 25 శాతం అడిగితే దేశమంతా నవ్వింది. టెస్టు హోదా వచ్చి తొంభై ఏళ్ళు దాటింది, దళిత ఆటగాళ్ళను చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దానికి మాత్రం ఎవరూ నవ్వరు. దక్షిణాఫ్రికాలో 2016 నుంచి క్రికెట్ జట్టుకు ఒక లెక్క పెట్టుకున్నారు. ఏడాది సగటున ఆరుగురు నల్లవాళ్ళు, ఇతర తెల్లేతరులు కలిపి ఉండాలి, అందులో కనీసం ఇద్దరు నల్ల ఆఫ్రికన్లు. దేశం మునిగిపోయిందా? పల్లెలో పశువులు కాసిన మఖాయా ఎన్తినికి ఒకప్పుడు బూట్లిచ్చి తీసుకొస్తే 1998లో టెస్టు ఆడాడు, 390 వికెట్లు తీశాడు. జట్టులో ఉన్నన్నాళ్ళూ తోటి తెల్లవాళ్ళు తన పక్కన కూర్చునేవాళ్ళు కాదని, అందుకే బస్సెక్కకుండా మైదానానికి పరిగెత్తుకుంటూ వెళ్ళేవాణ్ణని 2020లో చెప్పాడు. వాళ్ళ రగ్బీ జట్టు చూడండి. 1995లో ప్రపంచకప్పు గెలిచినప్పుడు నల్లవాడొక్కడే, 2019లో గెలిచినప్పుడు కప్పు ఎత్తిన కెప్టెన్ సియా కొలిసీ నల్లవాడు. 2023లోనూ అతనే ఎత్తాడు.

అయినా మా అభిప్రాయం కొంచెం వేరుగా ఉంది. కోపగించుకోవద్దు. ఆఖరి పదకొండు మందిలో ఇద్దర్ని కూర్చోబెట్టినంత మాత్రాన పని అవదు. కూర్చోబెట్టినోళ్ళను కోటా అని ఎన్తినిని చూసినట్టే చూస్తారు, ఆ ఇద్దరూ ఏ కాన్వెంటు పిల్లలో అవుతారు, పత్తిచేలో పిల్ల పత్తిచేలోనే ఉంటుంది. కోటా మండలం ఎంపికల దగ్గర కావాలి, హాస్టలు గ్రౌండులో కావాలి, ఎంపిక చేసే బల్ల వెనక కుర్చీల్లో కావాలి. ఇవన్నీ వచ్చాక పైన కూడా అడుగుదాం, అక్కడా మానుకోవద్దు.

అంతవరకు మన చేతిలో ఉన్న పని మనం చెయ్యొచ్చు. బళ్ళు తెరవగానే స్కూల్ గేమ్స్ ఎంపికల తేదీలు ఎప్పుడని హెడ్మాస్టరుని రాతపూర్వకంగా అడగండి. ఆ రోజు ఏ పిల్లా పత్తికి, మిరపకు పోకుండా పల్లెలో ముందురోజే చాటింపు వేయండి. ఆ ఒక్కరోజు కూలి సంఘం చందాలోంచి ఆ తల్లికి ఇవ్వండి. పుట్టినతేదీ కాగితం, ఆధార్ ముందే సిద్ధం చెయ్యండి. చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. ఎంపికైనవాళ్ళవి, కానివాళ్ళవి పేర్లూ కొలతలూ మార్కులూ గోడ మీద అంటించమని అడగండి. ఎవరి పేరుకు ఎదురుగానైనా 'ఆసక్తి లేదు' అని రాస్తే, ఆ పిల్లను వెంటబెట్టుకుని అక్కడే నిలబడి, ఎప్పుడడిగారో చెప్పమనండి. గోడ మీద అంటించకపోతే ఏ ఊరో, ఏ తేదీయో మాకు కార్డు రాయండి. వచ్చే సంచికలో అచ్చేస్తాం.