చలాన్ అంటే తీర్పు కాదు

పోలీసాయన ఫోటో తీసిండంటే చాలు, మనోళ్ళ గుండె గుభేలుమంటది. సెల్లుకు మెసేజ్ వస్తే ఎంత కట్టాలో చూస్తరు గానీ, ఏం తప్పు రాసిండ్రో చూడరు. కూలి దొరకని రోజుల్లో కూడా అప్పు జేసి కట్టొస్తరు. లేకుంటే రాయితీ ఇస్తరులే అని కూసుంటరు. రెండూ మనకు నష్టమే అంటున్నం.

చలాన్ ఒక ఆరోపణ. అంతే. 1988 మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద పోలీసులు తీసుకునేది, కేసు కోర్టుకు పోకుండా రాజీకి కట్టే సొమ్ము. నేను తప్పు చేయలేదన్నోడు రాజీకి ఎందుకు రావాలె? కట్టకపోతే వ్యవహారం మేజిస్ట్రేటు ముందుకు పోతది. అక్కడ రుజువు చేయాల్సింది పోలీసులు. కట్టినమా, కేసు అక్కడితో మూత. మన మాట వినేటోడు ఉండడు.

2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పాత చలాన్ల మీద 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం మాఫీ ఇచ్చిండ్రు. జనం ఎగబడి కట్టిండ్రు. అందులో తప్పుడు చలాన్లు ఎన్ని కొట్టుకపోయినయో ఎవరికెరుక? రాయితీ దయ. దొరల దయ ఎట్లుంటదో నల్లగొండ, పాలమూరు పల్లెలకు కొత్తగా చెప్పాల్నా? అభ్యంతరం చెప్పడం హక్కు.

ఈ లొల్లి మనకే ఎందుకెక్కువ? మనం కొనేది సెకండ్‌హ్యాండ్ బండి. నల్లగొండ ఏపీ 24, పాలమూరు ఏపీ 22 నంబర్లవి. ప్లేటు మీద రంగు పోయి 8 కాస్తా 3 లెక్క కనబడితే, మన చలాన్ ఇంకొకరికి, వాళ్ళది మనకు. కాగితాలు పాత ఓనరు పేరు మీదనే ఉంటయి. ఇది మాత్రం మన తప్పే. కొన్నోడు 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలపాలని 50వ సెక్షన్ చెప్తది.

1929లో చాలీస్‌గావ్‌లో టాంగావాళ్ళు అంబేడ్కర్‌ను ఎక్కించుకోమన్నరు. బండి తోలడం రాని మనిషి తోలితే ఆయన కింద పడి కాలు విరిగింది. బారిస్టరుకే ఆ గతి. మనం బండెక్కి బజారు మీద తిరగడం ఊరికే రాలేదు. అందుకని హెల్మెట్ లేకుండా, తాగి నడిపేటోళ్ళ తరఫున మేం రాయం.

తప్పు చేయనోళ్ళు మాత్రం ముందు ఫోటో చూడాలె. నంబరు, బండి రంగు, తేదీ, టైం, జాగ. ఆ రోజు నువ్వెక్కడున్నవ్? పనికాడి మస్టరు, దవాఖాన చిట్టీ, బస్సు టికెట్, ఏదున్నా సాక్ష్యమే. అర్జీ రాసి పోలీసు ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోవాలె. లోక్ అదాలత్‌కు పిలుస్తరు. అది రాజీ బల్ల, అక్కడ ఒప్పుకున్నంక అప్పీలు లేదు.

కోర్టంటే భయం సహజం. ఓడితే పోలీసు రేటు కంటే ఎక్కువ పడొచ్చు కూడా. 2019 సవరణతో హెల్మెట్ లేనందుకు చట్టంలో జరిమానా 1000 రూపాయలు. అది దాచి పంపితే మోసం. కానీ వకీలు ఖర్చు భయం వద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలె. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటది. ఫోన్ 15100.

సంఘం కార్యకర్తలకు ఒక పని. వచ్చే ఆదివారం వాడల చలాన్లన్నీ ఒక్కచోట పరిచి ఫోటోలు చూడండ్రి. తేడా ఉన్నవి పక్కకు తీసి అక్కడే అర్జీలు రాయండ్రి. జవాబు రాకుంటే ముద్ర వేసిన ఆ నకలు పట్టుకొనే కోర్టుకు పోవాలె.