ఇంటిల్లిపాదీ ఓడెక్కితే

"అక్కడ మీవోళ్లు ఎవులైనా పోనారేటి బాబూ?"

ఫిబ్రవరిలో మేం అండమాన్ వెళ్తున్నామని తెలిసి మా వీధిలో అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండో ప్రశ్న, పని ఏమైనా కుదిరిందా అని. పలాసకూ సముద్రానికీ మధ్య, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు మా ఊరు. సముద్రం దాటడానికి మా వాళ్లకు తెలిసిన కారణాలు ఆ రెండే: కూలి, కబురు. భార్యనీ పిల్లల్నీ, డెబ్బై దాటిన తల్లినీ వెంటబెట్టుకుని, ఊరికే దీవులు చూసి రావడానికి ఓడెక్కుతున్నామంటే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. వారం రోజులపాటు మా వాకిట్లోకి ఎవరో ఒకరు వచ్చి, అమ్మ మొహంలోకి చూసి వెళ్లారు.

మా అమ్మ సముద్రానికి మైలు దూరంలో పుట్టి, అరమైలు దూరంలోకి కాపురానికి వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ పడవెక్కలేదు. నాన్న తాపీమేస్త్రి. పోర్ట్‌బ్లెయిర్‌లో పంతొమ్మిదేళ్లు గోడలు కట్టాడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు, ఒక్కోసారి మూడేళ్లకు. మాది తూర్పు వాకిలి. అమ్మ పొద్దున్నే ఆ వాకిట్లో నిలబడి, సూర్యుడు లేచే వైపు చేతులెత్తి, ఆయన అటే ఉన్నాడనుకుని దణ్ణం పెట్టుకునేది.

ఇలాంటి వాకిళ్లు మా తీరం పొడవునా వందేళ్లకు పైగా ఉన్నాయి. మా తాతల కాలంలో మగవాళ్లు వెళ్లిన ఊరి పేరు రంగం. రంగూన్‌ను మా వాళ్లు అలాగే అనేవారు. బారువ, కళింగపట్నం రేవుల్లో పొగ ఓడలు దూరంగా లంగరు వేసి నిలబడేవి. ఒడ్డు నుంచి మనుషుల్ని వాటి దాకా చేర్చేవి కుట్టు పడవలు. పలకల్ని మేకులతో కాక కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఒడ్డు కెరటం కొట్టినప్పుడు మేకు బిగించిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి లేస్తుంది. అలా ఓడెక్కినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరులో ఆ ఊరి మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షల మంది అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చారు, దారిలో ఎందరో రాలిపోయారు. వాకిట్లో ఉన్నవాళ్లకు ఏ కబురూ లేదు.

రంగం పోయాక అండమాన్ వచ్చింది, తర్వాత గుజరాత్ తీరంలోని వెరావల్ వచ్చింది. 2018 నవంబరులో వెరావల్ వైపు వేటకెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చేదాకా ఆ ఇళ్లలో దాదాపు పద్నాలుగు నెలలు ఎలా గడిచాయో, వాళ్ల కథతో 'తండేల్' సినిమా వచ్చాక లోకానికి కొంత తెలిసింది. అండమాన్ సంగతి అంత కూడా తెలియదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వందమందిలో 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో ఎక్కువమంది మన శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్లే. ఉద్దానంలో పోర్ట్‌బ్లెయిర్ పేరు వినని ఇల్లు లేదు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారినా, మా అమ్మకు మాత్రం అది పోర్టుబిలేరే.

ఓడ విశాఖలో ఎక్కాలి. టికెట్ల కోసం రెండుసార్లు పలాస నుంచి రైల్లో వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. తేదీ ఒకసారి చెప్పి మరోసారి మార్చారు. మూడోసారికి బంకు టికెట్లు దొరికాయి. బంకు అంటే కింది అంతస్తులో పెద్ద హాలు, ఇనప మంచాలు పైనొకటి కిందొకటి వరసగా. డీజిలు వాసన, ఎండుచేపల వాసన, ఎవరో ఒలుస్తున్న బత్తాయి వాసన. మంచాల మీద తాపీ పనివాళ్లు, రేవు పనివాళ్లు, చంటిబిడ్డతో ఒక కొత్త కోడలు. అమ్మ అరిసెల డబ్బా తెరిచి చుట్టూ పంచింది. గంటలో ఆ హాలు మా వీధి అయిపోయింది.

దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం, రెండున్నర రోజులు. మొదటి రాత్రి పిల్లల్లో పెద్దది బాగా వాంతులు చేసుకుంది, నిమ్మకాయ వాసన చూపిస్తూ కూర్చున్నాం. తెల్లారేసరికి తేరుకుంది. పైకి వెళ్లి చూస్తే నీళ్ల రంగు మారిపోయింది. మా ఒడ్డున సముద్రం ఇసకా మడ్డీ కలిసి ఆకుపచ్చగా ఉంటుంది. ఇక్కడ నల్లటి నీలం. ఎగిరే చేపలు ఓడ పక్కనుంచి గుంపుగా లేచి, కాస్త దూరం గాల్లో సాగి, మళ్లీ పడుతుంటే పిల్లలు లెక్కపెట్టి లెక్కపెట్టి అలిసిపోయారు. అమ్మ కమ్మీ పట్టుకుని ఎదురుగా చూస్తోంది. సూర్యుడు ఎదురుగా లేవలేదు, ఓడ ముక్కుకు ఎడమ పక్క లేచాడు.

"ఓడ పొద్దుకేసి ఎల్తన్నాదనుకున్నాను" అంది.

"లేదమ్మా, ఆగ్నేయానికి వెళ్తోంది. పోర్ట్‌బ్లెయిర్ మనకు ఆగ్నేయంలో ఉంది."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇన్నాళ్లూ నాను ఇంకోవైపు మొక్కినానా?" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

మూడో నాడు దీవులు కనిపించాయి. ముందు మబ్బుల్లా, తర్వాత కొండల్లా, దగ్గరికి వెళ్తే నీళ్ల అంచు దాకా అడవిలా. 800కు పైగా ఉన్న దీవుల్లో మేం చూసింది నాలుగు. పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది పోర్ట్‌బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే రేవు నుంచి షహీద్ ద్వీప్‌కు వెళ్లిన రెండు గంటల ప్రయాణం. అక్కడి జనం కూరగాయల బుట్టలతో, మేకపిల్లతో ఫెర్రీ ఎక్కుతారు, మనం బస్సెక్కినట్టు. లోతు తగ్గేకొద్దీ నీళ్లు నీలం నుంచి లేత ఆకుపచ్చకు, అక్కణ్ణుంచి ఏ రంగూ లేని అద్దంలోకి మారాయి. అడుగున పగడపు దిబ్బలు కనిపించాయి. సాయంత్రం అయిదున్నర దాటగానే చీకటి పడిపోయింది, పిల్లలకు అది పెద్ద వింత. సెల్యులర్ జైలు దగ్గర వాళ్లకు గాం మల్లుదొర కథ చెప్పాను. అల్లూరి వెంట మన్యంలో పోరాడి, ఈ దీవులకు ఖైదీగా వచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికైన మనిషి. చిన్నది ఆ జైలు కమ్మీల్లోంచి సముద్రాన్ని చూసి, ఆయనకు ఇల్లు ఏ వైపో తెలిసేదా అని అడిగింది.

పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో అడుగు పెట్టగానే మా యాస వినిపించింది. చేపలమ్ముతున్న ఒకావిడ "ఏ ఊరప్పా మీది?" అని అమ్మను పిలిచి పీట వేసింది. సోంపేట వైపు మనిషి. అక్కడికి దగ్గర్లోనే పనివాళ్లు అద్దెకుండే గదుల వరస ఉంది. నాన్న ఉన్నది ఆ గదుల్లోనో, అలాంటి మరో వరసలోనో. అమ్మ గుమ్మంలోంచి లోపలికి తొంగి చూసి, ఎందరు పడుకుంటారని అడిగింది. ఎనిమిదిమంది అన్నారు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద మెల్లగా అంది, "ఉత్తరాల్లో గది పెద్దదే అని రాసీవోడు."

ఆ మాట విన్నాక నాకు ఈ వ్యాసం రాయక తప్పలేదు.

మా వాళ్లకు పడవ కొత్త కాదు. నా చిన్నప్పుడు మూడు మూలల తెరచాప కట్టిన తెప్పలు తెల్లవారుజామున ఒడ్డు గాలి పట్టుకుని లోపలికి వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలి పట్టుకుని తిరిగొచ్చేవి. ఇంజిన్లు వచ్చాక తెరచాపలు పోయాయి. ఎప్పుడు ఏ గాలి తిరుగుతుందో చెప్పగలిగినవాళ్లు ఇంకా ఊరికి నలుగురైనా ఉన్నారు. కానీ వాళ్ల భార్యలూ పిల్లలూ సముద్రాన్ని ఇసక మీద నుంచే చూశారు. తెరచాప కట్టి కుటుంబంతో దీవుల మధ్య తిరగడం డబ్బున్న దేశాల వాళ్ల సరదా అని మనం అనుకుంటాం. ఆ సరదాకు కావలసిన తెలివంతా మా ఒడ్డున ఉంది. సెలవే లేదు.

ఆ సెలవూ ఉంది, నిజానికి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బడి సెలవులు కూడా దాదాపు అప్పుడే. వెరావల్ వెళ్లినవాళ్లలో చాలామంది ఆ రోజుల్లోనే ఇల్లు చేరతారు. ఏడాదిలో ఇంటిల్లిపాదీ ఒక్కచోట ఉండే రోజులవే. నిషేధ కాలపు భృతి 2025లో 20,000 రూపాయలైంది, అది బియ్యానికీ అప్పుకీ సరిపోతే ఎక్కువ. దాన్ని విహారానికి ఖర్చు పెట్టుకోమని నేననను. నేను అడిగేది ఓడ గురించి. చెన్నై, కోల్‌కతాల నుంచి వెళ్లేన్ని ఓడలు విశాఖ నుంచి వెళ్లవు. విశాఖ ఓడకు ఏడాది పొడుగునా తేదీలు ముందే ప్రకటించాలి. వేసవి సెలవుల్లో కనీసం రెండు ప్రయాణాలు, వాతావరణం చూసుకుని, కుటుంబాల కోసం ఉంచాలి. దీవుల్లో పనిచేసేవాళ్ల భార్యాపిల్లలకు బంకు టికెట్టు సగానికివ్వాలి. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిన, మా జిల్లాలోని మూలపేట రేవులో సరుకుల బెర్తులతో పాటు ఒక్క బెర్తు ప్రయాణికులకు కేటాయించాలి. వందేళ్ల కింద కుట్టు పడవల మీద ఓడెక్కిన తీరానికి ఇది గొంతెమ్మ కోరిక కాదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో సగం ఊళ్లు కుంగుతుంటే ఓడ ప్రయాణమా అని అడుగుతారని తెలుసు. మా బాబాయి డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు ఎలా వెళ్లొచ్చేవాడో నేను చూశాను. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రీ, హిరమండలం నుంచి మంచినీళ్ల పథకమూ మొదలైతే మా వీధిలో జనం ఏడ్చారు. ముందు నీళ్లు, ముందు వైద్యం, అందులో నాకు సందేహం లేదు. కానీ ఉద్దానం పేరు చెబితే బయటివాళ్లకు ఆ జబ్బు గుర్తొస్తుంది, లేదా 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పడగొట్టిన కొబ్బరి తోటలు గుర్తొస్తాయి. మా పిల్లలకు కూడా అవే గుర్తుండాలా? వాళ్ల నాన్న ఏ గదిలో పడుకుంటున్నాడో, ఏ నీళ్ల మీదుగా వెళ్లాడో చూడటం వాళ్లకు విలాసం ఎలా అవుతుంది? ఆ నీళ్లు అంత అందంగా ఉంటాయని తెలియడం కూడా వాళ్ల హక్కే.

వచ్చాక ఒక సాయంత్రం అమ్మను బీచికి తీసుకెళ్లాను. మా ఒడ్డు తిన్నగా ఉత్తర దక్షిణాలుగా లేదు, ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగుతుంది. కెరటానికి ఎదురుగా నిలబడితే చూపు పోయేది ఆగ్నేయానికే, పోర్ట్‌బ్లెయిర్ మీదికే. అది చెబితే విని తలూపింది, అంతే.

నిన్న మా పక్కింటి కోడలు సముద్రం ఒడ్డుకు బయల్దేరింది. దాని పెనిమిటి వెళ్లి ఏడు నెలలైంది. నేను వద్దన్నా వినకుండా అమ్మ దాని వెంట నడిచి, ఇసకలో నిలబెట్టి, రెండు భుజాలూ పట్టుకుని కొంచెం కుడికి తిప్పింది.

"పొద్దు లెగిసే వైపు కాదమ్మీ. కెరటం కేసి సూడు."