మారగలవు సరే, ఎలా మారతాయి?

మూలకణాల మాట వచ్చినప్పుడు తరగతిలో మనం సాధారణంగా ఒక్క వాక్యంతో సరిపెడతాం: ఇవి శరీరంలోని ఏ కణంగానైనా మారగలవు. పిండ మూలకణాల విషయంలో అది నిజమే, కానీ సగం నిజం. ఆ సగాన్నే పట్టుకుని మధుమేహం మొదలు వెన్నుపాము దెబ్బ దాకా అన్నిటికీ మూలకణాల ఇంజెక్షన్ ఉందని ప్రకటనలిచ్చేవారున్నారు. బిడ్డ బాగుపడితే చాలని అప్పుచేసి వెళ్లే తల్లిదండ్రులూ ఉన్నారు. మిగతా సగాన్ని కూడా బడిలోనే చెప్పాలని మేము అడుగుతున్నది అందుకే.

ఐదారు రోజుల వయసులో మనిషి పిండం నీటితో నిండిన చిన్న బంతిలా ఉంటుంది. లోపల ఒక పక్కకు అంటుకుని కొద్దిపాటి కణాలుంటాయి. శరీరమంతా వాటినుంచే తయారవుతుంది. ఎలుక పిండంనుంచి అలాంటి కణాలను 1981లోనూ, మనిషి పిండంనుంచి 1998లోనూ వేరుచేసి పెంచగలిగారు. రెండోది అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం చేసిన పని. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో మనీషా ఇనామ్‌దార్ బృందం కూడా ఇలాంటి మానవ కణాలను సాధించింది. కర్ణాటకలోని మన బడులకు ఇదేమీ దూరపు కబురు కాదు.

గర్భంలో మూడో వారంలో ఈ కణాలు మూడు పొరలవుతాయి. బహిస్త్వచంనుంచి చర్మం పైపొర, మెదడు, నాడులు వస్తాయి. మధ్యస్త్వచంనుంచి గుండె, కండరాలు, రక్తం. అంతస్త్వచంనుంచి పేగుల లోపొర, కాలేయం, క్లోమం. ఏ కణం ఎటు పోవాలో చెప్పేవి కొన్ని సంకేత ప్రొటీన్లు. యాక్టివిన్ అనేదాన్ని తక్కువగా అందిస్తే మానవ మూలకణం ఉన్నట్టే ఉండిపోతుంది, బాగా ఎక్కువగా ఇస్తే అంతస్త్వచం వైపు నడుస్తుంది. యాక్టివిన్ దారినీ, బీఎంపీ అనే మరో ప్రొటీన్ దారినీ రెండింటినీ మూసేస్తే? నాడీకణాల బాట పడుతుంది.

2014లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వెలువరించిన ప్రయోగం మాకు మరీ నచ్చింది. మానవ పిండ మూలకణాలను మిల్లీమీటరుకు మించని గుండ్రటి మచ్చలుగా పెంచి, అన్నిటికీ ఒకే బీఎంపీ4 ప్రొటీన్‌ను సమంగా పోశారు. రెండు రోజులు తిరిగేసరికి ముగ్గులో వలయాల్లా కణాలు సర్దుకున్నాయి: నడుమ బహిస్త్వచం, దాని చుట్టూ మధ్యస్త్వచం, ఆపైన అంతస్త్వచం, అన్నిటికంటే బయట మావి కణాలను పోలినవి. పోసినది అందరికీ ఒకటే అయినా అందినది ఒకటి కాదు. అంచున ఉన్నవాటికి సంకేతం బాగా అందింది. నడుమనున్న కణాల్లో దాన్ని అందుకునే గ్రాహకాలు ఒకదానికొకటి ఒత్తుకున్న పక్కల్లో మరుగున పడ్డాయి. పైగా ఆ సంకేతాన్ని అడ్డుకునే నాగిన్ అనే ప్రొటీన్ అక్కడ పనిచేస్తోంది.

మోతాదు, సమయం, చోటు ఇంతగా లెక్కలోకి వచ్చే పనిని ఒక్క సూదిమందు ఎలా చేస్తుంది? దారి చూపకుండా పిండ మూలకణాలను ఒంట్లోకి ఎక్కిస్తే మూడు పొరల కణజాలాలూ కలగాపులగంగా పెరిగే టెరటోమా అనే కంతి రావచ్చు. ప్రకటనల్లోని కణాలు చాలావరకు పిండానివి కూడా కావు, ఎముక మజ్జనుంచో కొవ్వునుంచో తీసినవి. మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం రక్తసంబంధ వ్యాధుల వంటి కొన్నిటికి చేసే రక్త మూలకణాల మార్పిడి తప్ప తక్కినవన్నీ అనుమతి పొందిన పరీక్షల్లోనే జరగాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పాఠం చెప్పేటప్పుడు బహిస్త్వచం పక్కనే ఎక్టోడెర్మ్ అనీ, మధ్యస్త్వచం పక్కన మీసోడెర్మ్ అనీ, అంతస్త్వచం పక్కన ఎండోడెర్మ్ అనీ బల్లమీద రాయండి. హోసూరులోనో బళ్లారిలోనో తెలుగులో చదివిన పిల్లలకు కాలేజీలో ఆ పేర్లే ఎదురవుతాయి. తర్వాత పిల్లలను మైదానంలో మూడు వలయాలుగా, భుజాలు ఆనేలా నిలబెట్టి, బయట తిరుగుతూ ఒక మాట మెల్లగా చెప్పండి. ఎవరికి ఎంత వినబడిందో వాళ్లనే లెక్క రాయమనండి.