ఒమర్ చావు

'ది వైర్' సీరియల్‌లో ఒమర్ లిటిల్ 2008లో చనిపోయాడు. చాలామంది ప్రేక్షకులు ఆ చావును ఇప్పటికీ జీర్ణించుకోలేదు. మత్తుమందు ముఠాలనే దోచుకుంటూ బాల్టిమోర్ వీధుల్ని గడగడలాడించినవాడు ముఠా నాయకుడు మార్లోతో ముఖాముఖి తేల్చుకుంటాడని ఎదురుచూశారు. కొట్లో సిగరెట్లు కొంటుంటే కెనార్డ్ అనే పిల్లాడు కాల్చేశాడు. అన్యాయమన్నారు. నాకైతే ఆ చావే నిజమనిపిస్తుంది. ఆ వీధుల్లో పేరున్నవాడికీ లేనివాడికీ తూటా ఒకటే. నన్ను మరీ కలవరపెట్టేది పత్రికాఫీసు దృశ్యం. పేజీలో చోటు చాలక, అగ్నిప్రమాదం వార్త ఉంచి ఒమర్ హత్యను తీసేస్తారు. శవాగారంలో అతని పేరుచీటీ ఇంకో శవం మీద ఉంటుంది. అందుకే ఈ సంచికకు నేరకథల వ్యాసాలు ఎంచుకునేటప్పుడు, హంతకుడికంటే హతుడి గురించి ఎక్కువ చెప్పినవాటికే ముందు చోటిచ్చాం.