అంగడిమాత్రయు వృద్ధుని మూత్రపిండమును

చట్టము పుస్తకమునందుండుట వేఱు, అంగడియందుండుట వేఱు. 1940 వ సంవత్సరపు ఔషధముల చట్టమును, 1945 వ సంవత్సరపు నిబంధనలును నేటికిని అమలునందున్నవి. డైక్లోఫెనాక్ అను నొప్పిమాత్ర ఆ నిబంధనలలోని ఎచ్ షెడ్యూలున జేరినది. వైద్యుడు చీటీ వ్రాసి యిచ్చిననే గాని దానిని విక్రయింపరాదు. అయినను పెక్కుచోట్ల నడుము నొప్పి యన్న మాట చాలును. మాత్ర చేతికి వచ్చును.

దీనివలన మిక్కిలి నష్టపడువారు వృద్ధులు. వయస్సు మీఱినకొలది మూత్రపిండముల శక్తి తఱుగును. రక్తమునందలి క్రియాటినిన్ కండలనుండి పుట్టునది. వృద్ధునకు కండలు క్షీణించుటచే నా లెక్క బాగుగనే కనబడును. మూత్రపిండము మాత్రము లోలోపల చెడియుండవచ్చును. అట్టి మూత్రపిండమునకు రక్తప్రసారమును నిలుపు ప్రోస్టాగ్లాండినులనే నొప్పిమాత్ర యడ్డగించును. రక్తపుపోటునకు వాడు కొన్ని మందులును, మూత్రమును హెచ్చించు మందును దానితో గలసినచో అపాయము మఱింత హెచ్చును. మధుమేహమునకు వాడు మెట్ఫార్మిన్ సైతము వడపోత నిమిషమునకు 30 మిల్లీలీటర్లకంటె దిగినపుడు మానవలసినదే.

శ్రీకాకుళము జిల్లాలోని యుద్దానము కొబ్బరితోటలకును జీడితోటలకును పేరుపడిన సీమ. నేడు మూత్రపిండవ్యాధికి పేరుపడినది. మూలకారణ మిదియని యింకను నిర్ధారణ కాలేదు. నొప్పిమాత్రయే కారణమని మేమనము. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల యాసుపత్రియు పరిశోధన కేంద్రమును వెలసినవి. సంతోషమే. కాని యాసుపత్రి కాపాడజూచు మూత్రపిండమును అంగడిమాత్ర చెఱచుచుండిన ఫలమేమి?

ఈ డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరములను దిన్న రాబందులు మూత్రపిండములు చెడి లక్షలకొలది నశించినవి. 2006 లో ప్రభుత్వము పశువైద్యమునందు దానిని నిషేధించెను. 2015 లో మనుష్యులకిచ్చు సూదిమందు బుడ్డిని సైతము 3 మిల్లీలీటర్లకు కుదించెను. పక్షికి విషమైనది మనుష్యునకు నట్లే విషమని కాదు. వైద్యుని యాజ్ఞతో మితముగా వాడిన నది యుపకారియే. కాని రాబందులకై క్రొత్త నిషేధమును దెచ్చిన ప్రభుత్వమునకు, వృద్ధులకై యెన్నడో యున్న నిబంధన నమలుపఱచుట యేల కష్టమయ్యెను?

వైద్యుడు దూరము, అంగడి దగ్గఱ. చీటీకై పట్టుపట్టిన బీదవాడేమగునని కొంద ఱాక్షేపింతురు. తోసివేయదగిన మాట కాదు. కావుననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో 60 ఏండ్లు దాటినవారికి క్రియాటినిన్ పరీక్ష జరిపి, వయస్సునుబట్టి వడపోతను గణించి, చీటీపై వ్రాసి యియ్యవలెను. మందులిచ్చువాడు దానిని జూచియే యియ్యవలెను. ఒక చేత నంగడిని కట్టుదిట్టము చేయుచు రెండవ చేత వైద్యమును జేరువ చేయుట ప్రభుత్వధర్మము.

అంతవఱకు మనము చేయదగినదియు గలదు. చదువరులారా! మీ యింటి పెద్దలు వాడు మందులన్నిటిని, మాత్రలు, భస్మములు, లేహ్యములు సహితముగా, నొక కాగితముపై వ్రాసి వైద్యునికి జూపుడు. చదువురాని పొరుగువానికిని వ్రాసి పెట్టుడు. ఇందులకు ధనము వలదు, అక్షరజ్ఞానమున్న జాలును.